క్యాంపు అనే ఊరు: తుంగభద్ర కాలువ కింద తెలుగు రైతుల వలస చరిత్ర

కర్ణాటకలో గంగావతి, కారటగి, సింధనూరు వైపు బస్సులో వెళ్తే ఒక విచిత్రం కనబడుతుంది. బోర్డు మీద అక్షరాలు కన్నడం. దిగేవాళ్ళ మాట తెలుగు. ఊరి పేరు చివర "క్యాంపు". మనకి క్యాంపు అంటే ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు, రక్తదాన క్యాంపు. నాలుగు రోజులు ఉండి గుడారం పీకేసుకుని వచ్చేది. అక్కడ మాత్రం క్యాంపులో గుడి ఉంది, బడి ఉంది, రైస్ మిల్లు ఉంది, మూడో తరం మనవళ్ళు ఉన్నారు. డెబ్బై ఏళ్ళు గడిచినా ఆ మాట ఊరిని వదల్లేదు.

ఈ వ్యాసం ఆ ఊళ్ళ గురించి. కోస్తా నుంచి వెళ్ళిన రైతులు బీళ్ళని వరిమళ్ళు చేశారనే కథ మనలో చాలామంది విన్నదే. అది నిజం, కానీ సగం. మిగతా సగంలో భూమి అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు, కాలువ చివర నీళ్ళు అందనివాళ్ళు ఉన్నారు. కనిగిరి వాళ్ళం కాబట్టి ఆ రెండో సగం మనకి ఎక్కువ అవసరం. ఎందుకో చివరికి తెలుస్తుంది.

వలస ఊళ్ళు మూడు రకాలు

రైతులు సొంత ఊరు వదిలి దూరంగా కొత్త ఊరు కట్టుకోవడం ప్రపంచమంతా జరిగింది. స్థూలంగా చూస్తే మూడు దారులు కనబడతాయి.

మొదటిది, రాజు పిలిస్తే వెళ్ళడం. దీనికి పేరుపడ్డ ఉదాహరణ రష్యాలోని జర్మన్ ఊళ్ళు. 1763లో రెండో కేథరిన్ మహారాణి ఒక ప్రకటన చేసింది: వచ్చి స్థిరపడే విదేశీయులకు భూమి ఇస్తాం, కొన్నేళ్ళు పన్ను ఉండదు, సైన్యంలో చేరక్కర్లేదు, మీ మతం మీది. యుద్ధాలతో చితికిపోయి ఉన్న జర్మన్ రైతులు వేలమంది కదిలారు. కొద్ది ఏళ్ళలోనే వోల్గా నది ఒడ్డున వందకు పైగా చిన్న చిన్న సేద్యపు ఊళ్ళు లేచాయి. ఇంట్లో జర్మన్, బయట రష్యన్. వందేళ్ళు తిరిగేసరికి రాజ్యం మాట మార్చింది. 1874లో వాళ్ళకీ సైనిక సేవ తప్పనిసరి అయింది. చాలామంది మళ్ళీ మూట కట్టుకుని అమెరికా, అర్జెంటీనా వెళ్ళారు. అదే కాలంలో నల్లసముద్రం వైపు నుంచి వెళ్ళిన జర్మన్ మాట్లాడే మెన్నొనైట్ రైతులు టర్కీ రెడ్ అనే గోధుమ విత్తనాన్ని కాన్సాస్‌కి పట్టుకెళ్ళారు. వోల్గా దగ్గరే ఉండిపోయిన వాళ్ళను 1941లో సోవియట్ ప్రభుత్వం రైళ్ళలో ఎక్కించి సైబీరియాకి, కజకిస్తాన్‌కి పంపేసింది. పిలిచిన చేతులే పంపేయగలవని ఆ ఊళ్ళ చరిత్ర చెబుతుంది.

రెండోది, ప్రభుత్వం తీసుకెళ్ళి కూర్చోబెట్టడం. దీనికి ఉదాహరణ మన పక్కనే ఉంది. బాపట్ల, చీరాల మధ్య స్టూవర్టుపురం. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద "నేరస్థ జాతి" అని ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను ఒకచోట ఉంచడానికి 1913లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా మొదలైన సెటిల్‌మెంట్ అది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరు పెట్టారు. అక్కడ భూమి ఇచ్చారు కానీ స్వేచ్ఛ ఇవ్వలేదు. సినిమాలు ఆ ఊరి పేరుని ఎలా వాడుకున్నాయో మనకి తెలుసు. ఒక చట్టం వేసిన ముద్రని మూడు తరాల పిల్లలు మోయాల్సి వచ్చింది. సింధనూరు దగ్గర తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థులకు ప్రభుత్వం కట్టించిన ఆర్.హెచ్. క్యాంపులు కూడా ఈ రెండో రకమే, అయితే వాటి ఉద్దేశం పునరావాసం.

మూడోది, ఎవరూ పిలవకుండా, ఎవరూ తోలకుండా, రైతు తన డబ్బుతో తాను భూమి కొనుక్కుని వెళ్ళడం. తుంగభద్ర కింద తెలుగు క్యాంపులు ఈ రకం. ఇందులో రాజు ఆజ్ఞ లేదు, చట్టం లేదు. ఉన్నది కాలువ, భూమి ధర, దమ్ము చేయడం తెలిసిన చేతులు.

ముందు డ్యామ్ కథ

రాయచూరు, బళ్ళారి ప్రాంతాలు కరువుకి పెట్టింది పేరు. 1876-78 మహా కరువులో మద్రాసు, మైసూరు, హైదరాబాదు, బొంబాయి సంస్థానాలు, రాష్ట్రాలన్నీ దెబ్బతిన్నాయి. తుంగభద్రకి అడ్డంగా పెద్ద ఆనకట్ట కట్టాలనే ఆలోచన వెనక ఆ భయం ఉంది. కానీ నదికి ఎడమ ఒడ్డు నిజాంది, కుడి ఒడ్డు మద్రాసు ప్రభుత్వానిది. నీళ్ళ పంపకం తేలడానికి దశాబ్దాలు పట్టింది. చివరికి 1945 ఫిబ్రవరి 28న రెండు వైపులా శంకుస్థాపన జరిగింది. 1953లో కాలువలకి నీళ్ళు వదిలారు. హోసపేట దగ్గర ఇప్పటికీ నిలబడి ఉన్న ఈ డ్యామ్ రాతికట్టడం. సిమెంటు మీద ఆధారపడకుండా సున్నం, సుర్ఖీ కలిపిన గచ్చుతో కట్టారు. సివిల్ వాళ్ళు ఒకసారి వెళ్ళి చూడాల్సిన కట్టడం. మొత్తం 33 గేట్లు.

ఎడమ కాలువ పొడవు 227 కిలోమీటర్లు. కొప్పళ, రాయచూరు జిల్లాల మీదుగా పోతుంది. దాని కింద ఆయకట్టు సుమారు 2.4 లక్షల హెక్టార్లు. అందులో ఎక్కువ భాగం నల్లరేగడి. జొన్న, పత్తి, శనగ వేసుకుని వాన కోసం ఆకాశం చూసే నేల. మన మెట్ట రైతు వెళ్ళి చూస్తే "ఇది మా పొలమే" అనుకునేంత పోలిక.

ఎవరు వెళ్ళారు?

ఇక్కడే మొదటి ఆశ్చర్యం. కరువు ఎక్కువ ఉన్నచోట నుంచి జనం నీళ్ళున్న చోటికి వెళ్తారని మనం అనుకుంటాం. క్యాంపులకు వెళ్ళినవాళ్ళు ప్రధానంగా కరువు నేల వాళ్ళు కాదు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల డెల్టా వాళ్ళు. అప్పటికే నీళ్ళున్నవాళ్ళు.

కారణం వెతికితే రెండు కనబడతాయి. ఒకటి పని నేర్పు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాయి. అంటే 1953 నాటికి డెల్టా రైతుకి కాలువ కింద వరి పండించడంలో వందేళ్ళ అనుభవం ఉంది. గట్టు ఎంత ఎత్తు వేయాలి, మడి ఎలా చదును చేయాలి, నారు ఎన్నో రోజు పీకాలి, తూము దగ్గర లస్కర్‌తో ఎలా మాట్లాడాలి, ఇవన్నీ తాత నుంచి వచ్చిన చదువు. రెండోది డబ్బు. డెల్టాలో జనం పెరిగారు, కమతాలు చీలిపోయాయి, ఎకరం ధర ఆకాశంలో ఉంది. రాయచూరు వైపు మెట్ట ఎకరం చాలా చవక. ఇక్కడ ఒక ఎకరం అమ్మితే అక్కడ కొన్ని ఎకరాలు వస్తాయి. నలుగురు అన్నదమ్ములున్న ఇంట్లో ఒకరిద్దరు వెళ్తే మిగిలినవాళ్ళకీ ఊపిరి ఆడుతుంది.

ఈ దారి కూడా కొత్తది కాదు. 1931లో మంజీర నది మీద నిజాంసాగర్ పూర్తయ్యాక బోధన్, వర్ని, బాన్సువాడ వైపు కోస్తా రైతులు ఇలాగే వెళ్ళారు. 1937లో బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలయ్యాక చెరకు కూడా తోడయింది. కొత్త కాలువ ఎక్కడ తవ్వుతున్నారో కనిపెట్టి ఉండటం డెల్టా రైతుకి అప్పటికే అలవాటు.

మరి కరువు నేల వాళ్ళ సంగతి? మా కనిగిరి వైపు వలస అంటే భూమి కొనడానికి వెళ్ళడం కాదు. కట్టుబడి పనులకి హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళడం. అమ్మితే పెద్దగా రాని ఎకరాలు ఉన్నవాడు ఇంకోచోట ఎకరాలు కొనలేడు. నీటి నేల రైతు భూమి కోసం వలస పోతాడు, కరువు నేల రైతు కూలి కోసం వలస పోతాడు. రెండింటికీ మనం వాడేది ఒకే మాట, "వలస". వాటి మధ్య తేడా మాత్రం బోలెడు.

గుడారం నుంచి గ్రామం

మొదట వచ్చినవాళ్ళు కొన్న పొలం పక్కనే గుడారమో, పాకో వేసుకున్నారు. పాత ఊళ్ళో ఇల్లు దొరకదు, దొరికినా పొలానికి దూరం. నీళ్ళు వదిలే రోజుల్లో రాత్రీ పగలూ తూము దగ్గర ఉండాలి. అందుకే పొలాల మధ్యే మకాం. మకాం కాబట్టి క్యాంపు. ఒకే జిల్లా నుంచి, తరచు ఒకే ఊరి నుంచి, చుట్టాలూ పక్కాలూ కలిసి వచ్చేవాళ్ళు కాబట్టి క్యాంపు అంటే బంధువుల గుంపు కూడా. గంగావతి దగ్గర శ్రీరామనగర్, సింధనూరు దగ్గర గాంధీనగర్ లాంటివి అలా పెద్ద ఊళ్ళయ్యాయి.

పని మాత్రం తేలిక కాదు. నల్లరేగడి స్వభావం మనకి తెలుసు. ఎండితే అరచేయి దూరేంత బీటలు, తడిస్తే కాలు దిగబడే బురద. వాలుగా ఉన్న జొన్నచేలని వరిమళ్ళు చేయాలంటే ఒకచోట తవ్వి ఇంకోచోట పోయాలి. ఎద్దులతో, తర్వాత ట్రాక్టర్లతో, చివరికి బుల్‌డోజర్లతో ఏళ్ళ తరబడి చదును చేశారు. మొదటి కొన్ని పంటలు పెట్టుబడికి కూడా చాలవు. అప్పు, దోమలు, మలేరియా, పరాయి భాష. దగ్గరలో ఆసుపత్రి లేదు, రోడ్డు లేదు. ఆ కష్టాన్ని తక్కువ చేసి చెప్పడం అన్యాయం.

మరో సంగతి కూడా చెప్పాలి. వచ్చినవాళ్ళందరూ భూస్వాములు కాదు. రైతు కుటుంబాల వెంట, వాళ్ళ తర్వాత, కూలి కుటుంబాలు కూడా వచ్చాయి. నాట్లు వేసింది, కలుపు తీసింది, కోత కోసింది ఎక్కువగా ఆడవాళ్ళు. కొందరు తెలుగు వాళ్ళు, ఎక్కువమంది స్థానిక కన్నడ వాళ్ళు. క్యాంపుల గురించి మనం వినే కథల్లో "మా తాత బీడు సాగు చేశాడు" అనే వాక్యం ఉంటుంది. ఆ సాగులో నడుం వంచిన వాళ్ళ పేర్లు ఉండవు.

తర్వాత మిల్లులు వచ్చాయి. గంగావతి, కారటగి, సింధనూరు వరి వ్యాపార కేంద్రాలయ్యాయి. ఈ ప్రాంతాన్ని కర్ణాటక అన్నపూర్ణ అంటారు. ఇక్కడ విరివిగా పండే బి.పి.టి. 5204, అంటే సాంబ మసూరి, 1986లో మన బాపట్ల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన రకం. కాన్సాస్‌కి టర్కీ రెడ్ గోధుమ వెళ్ళినట్టు, తుంగభద్రకి బాపట్ల వరి వెళ్ళింది. బెంగుళూరు హాస్టల్లో అన్నం తినే మన సీనియర్ల కంచంలో ఉన్నది బహుశా ఆ కాలువ నీళ్ళే.

అమ్మినవాళ్ళ వైపు నుంచి

ఇప్పుడు అదే కథని పొలం అమ్మిన రైతు వైపు నుంచి చూద్దాం. కాలువ తన పొలం పక్కనుంచే పోతోంది. మరి ఎందుకు అమ్మాడు?

కాలువ నీళ్ళు పారాలంటే పొలం చదును చేయాలి. దానికి డబ్బు కావాలి. అతని దగ్గర లేదు. బ్యాంకు అప్పు దొరకదు, షావుకారు అప్పు తీరదు. వరి అతను ఎప్పుడూ పండించలేదు, తినేది జొన్నరొట్టె. నల్లరేగడికి నీళ్ళు ఎక్కువైతే పాడవుతుందన్న భయం ఒకటి. ఇంతలో ఒక కోస్తా రైతు వచ్చి, ఆ మెట్టకి అంతకు ముందు ఎవరూ ఇవ్వని ధర చేతిలో పెడతానన్నాడు. కూతురి పెళ్ళి, పాత బాకీ గుర్తొచ్చాయి. కొందరు మొత్తం అమ్మారు. కొందరు సగం అమ్మి ఆ డబ్బుతో మిగతా సగం చదును చేసుకున్నారు. కొందరు కౌలుకిచ్చి చూశారు, పని నేర్చుకుని తర్వాత తామే వరిలోకి దిగారు.

అతన్ని ఎవరూ మోసం చేయలేదు, బలవంతం చేయలేదు. అమ్మిన రోజున ఆ ధర అతనికి న్యాయంగానే అనిపించింది. పదేళ్ళ తర్వాత చూస్తే, తన పొలం పెరిగిన విలువంతా ఇంకొకరి ఇంట్లో ఉంది, తను అదే పొలంలో కూలికి వెళ్తున్నాడు. ప్రాజెక్టు కట్టింది అతని కరువు తీర్చడానికి. కరువు తీరింది, కానీ అతని ఇంట్లో కాదు. వచ్చినవాళ్ళ తప్పూ లేదు, అమ్మినవాళ్ళ తెలివితక్కువతనమూ లేదు. నీళ్ళు ఇచ్చిన ప్రభుత్వం చదునుకి అప్పు, కొత్త పంటకి శిక్షణ అదే చేత్తో, అదే సమయంలో ఇవ్వకపోతే జరిగేది ఇదే.

ఒక క్యూసెక్కు లెక్క

ఇంజినీరింగ్ చదువుతున్నాం కాబట్టి ఒక లెక్క వేద్దాం. కాలిక్యులేటర్ తీయండి.

సెకనుకి ఒక ఘనపుటడుగు, అంటే ఒక క్యూసెక్కు నీరు రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. ఒక ఎకరం 43,560 చదరపుటడుగులు. భాగిస్తే సుమారు 1.98 ఎకర-అడుగులు. 120 రోజుల పంటకాలానికి దాదాపు 238 ఎకర-అడుగులు. వరికి కాలువ నుంచి 4 అడుగుల నీరు కావాలనుకుందాం. అప్పుడు ఆ క్యూసెక్కు కింద దాదాపు 60 ఎకరాలు పండుతుంది. జొన్న, పత్తి లాంటి ఆరుతడి పంటకి 1.5 అడుగులు చాలనుకుందాం. అదే క్యూసెక్కు దాదాపు 160 ఎకరాలకి సరిపోతుంది. అంకెలు ఉదాహరణకి వేసుకున్నవే. నేలని బట్టి మారతాయి, నిష్పత్తి మాత్రం ఇలాగే ఉంటుంది.

తుంగభద్ర ఎడమ కాలువని రూపొందించింది రెండో పద్ధతిలో. కొద్దిమందికి పుష్కలంగా కాకుండా ఎక్కువమందికి కొద్దికొద్దిగా, కరువు రాకుండా కాపాడేంత. ఏ సర్వే నంబరులో వరి వేయాలి, ఎందులో ఆరుతడి వేయాలి అని కాగితం మీద ముందే నిర్ణయించారు. దాన్ని లోకలైజేషన్ అంటారు. వరికి కేటాయించింది చిన్న భాగమే.

కానీ పొలం కొని, చదును చేసి, అప్పు నెత్తిన పెట్టుకున్న రైతుకి జొన్న గిట్టుబాటు కాదు. వరి అయితేనే అప్పు తీరుతుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్ళు వరి వేశారు. ముందు ఒకరు, చూసి ఇంకొకరు. స్థానిక రైతులూ అందుకున్నారు. తూములు పెద్దవయ్యాయి. పైన ఒక ఎకరం వరి పెరిగితే కింద రెండున్నర ఎకరాల ఆరుతడి ఎండుతుంది. లెక్క అంతే. ఆ ఎండిన ఎకరాలు మాన్వి, రాయచూరు తాలూకాల్లో, కాలువ చివర ఉన్నాయి. ఇప్పటికీ నీళ్ళ కాలంలో చివరి రైతులు గేజ్ దగ్గర ఎన్ని అడుగులు ఉందో చూసుకుని రోడ్డెక్కడం అక్కడ మామూలు వార్త. నెదర్లాండ్స్ పరిశోధకుడు పీటర్ మోలింగా ఈ ఎడమ కాలువ మీద ఒక పుస్తకమే రాశాడు. మనం సిలబస్‌లో "డ్యూటీ, డెల్టా" అని రెండు మార్కుల ప్రశ్నగా చదివే విషయం అక్కడ ఊళ్ళ మధ్య పోట్లాట.

ఉప్పు, పూడిక, గేటు

నీళ్ళు ఎక్కువైన చోట కూడా సుఖం లేదు. నల్లరేగడిలో నీరు త్వరగా ఇంకదు. ఏటా రెండు పంటలు వరి పెడితే భూగర్భ జలమట్టం పైకి వస్తుంది. వేర్ల దాకా వచ్చిన నీరు ఎండకి ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. పొలం పైన తెల్లగా పేరుకుంటుంది, మన భాషలో చవుడు. మురుగు పోయే దారి చూడకుండా నీళ్ళు మాత్రమే పెట్టిన ఆయకట్టు ప్రతిదానికీ ఈ జబ్బు వస్తుంది. గంగావతి వ్యవసాయ పరిశోధనా కేంద్రం ఏళ్ళుగా పని చేస్తున్న ప్రధాన సమస్యల్లో చవుడు ఒకటి. నేల అడుగున చిల్లుల పైపులు వేసి మురుగుని బయటికి లాగడం ఒక వైద్యం. ఖర్చు ఎక్కువ.

డ్యామ్‌లో పూడిక ఇంకో బెంగ. కట్టినప్పుడు సుమారు 133 టీఎంసీలు పట్టేది, ఇప్పుడు సుమారు 105. అంటే దాదాపు ఐదో వంతు మట్టే. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం ఖాళీ అవుతుంటే రెండు రాష్ట్రాల రైతులు నిద్రపోలేదు. గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు పర్యవేక్షణలో వారం రోజుల్లో, పారుతున్న నీటిలోనే స్టాప్‌లాగ్‌లు దించి ఆపారు. ఒక గొలుసు తెగితే ఎన్ని వందల ఊళ్ళు వణుకుతాయో ఆ వారం చూపించింది.

సరిహద్దు జరిగింది, ఊరు ఉన్నచోటే ఉంది

క్యాంపుల వాళ్ళు మొదట వెళ్ళింది కర్ణాటకకి కాదు. అప్పట్లో రాయచూరు, గంగావతి హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. కుడి ఒడ్డున బళ్ళారి 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున చాలా భాగం మైసూరుకి వెళ్ళింది. 1956లో రాయచూరు కూడా మైసూరులో కలిసింది. మూడేళ్ళ కింద గుడారం వేసుకున్నవాడు, అక్కడే కూర్చుని ఇంకో రాష్ట్రం వాడయ్యాడు.

తర్వాతి తరం కన్నడ బడిలో చదివింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. పత్రికల్లో తెలుగు చదవడం రాకపోయినా తెలుగు సినిమా పాటలు మొత్తం వచ్చిన పిల్లలు ఉంటారు. పెళ్ళి సంబంధాలు కొంతకాలం కోస్తా నుంచే. ఇప్పుడు క్యాంపుల మధ్యే. వోల్గా జర్మన్ల లాగా వాళ్ళని ఎవరూ రైలెక్కించలేదు. మన దేశంలో ఎక్కడైనా ఉండే హక్కు రాజ్యాంగం ఇచ్చింది, ఇరుగుపొరుగు కన్నడ వాళ్ళు కలుపుకున్నారు. అయినా ఊరి పేరులో క్యాంపు అన్న మాట మిగిలింది. "మీరు ఎక్కడి నుంచి వచ్చారు?" అని ఆ పేరు రోజూ అడుగుతూనే ఉంటుంది.

ఇదంతా కనిగిరికి ఎందుకు?

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి నెల్లూరు జిల్లాలో ఉండేది. భారతదేశంలో ఫ్లోరోసిస్ జబ్బుని వైద్యులు మొదటిసారి నమోదు చేసింది 1937లో ఆ నెల్లూరు జిల్లాలోనే. వంగిన నడుములు, పసుపు పళ్ళు మనకి పరిశోధన పత్రంలో దొరికే సంగతి కాదు, వీధిలో కనబడేది. మనకి పెద్ద కాలువ లేదు. ఎదురుచూపు మాత్రం ఉంది. దాని పేరు వెలిగొండ.

1996లో శంకుస్థాపన జరిగిన ప్రాజెక్టు అది. శ్రీశైలం వరద నీటిని నల్లమల కింద 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల గుండా తెచ్చి నల్లమల సాగర్‌లో నింపి, 43.5 టీఎంసీలతో ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకి సాగునీరు, 15 లక్షల పైచిలుకు జనానికి తాగునీరు ఇవ్వాలన్నది ప్రణాళిక. సొరంగాలు తవ్వడం అయింది. నీళ్ళు ఏదో ఒక రోజు వస్తాయి.

ఆ రోజు కోసం ఒక లెక్క. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 43.5 టీఎంసీలని ఎకర-అడుగుల్లోకి మారిస్తే సుమారు 10 లక్షలు. 4.47 లక్షల ఎకరాలకి పంచితే ఎకరానికి సుమారు 2.2 అడుగులు. ఇందులోంచే తాగునీరు పోవాలి, ఆవిరి పోవాలి, కాలువలో ఇంకేది పోవాలి. అంటే ఇది వరి నీళ్ళు కాదు. కంది, మిర్చి, పత్తి, కూరగాయల నీళ్ళు. పైన ఉన్నవాళ్ళు వరికి దిగితే తుంగభద్ర కథ మళ్ళీ మొదలవుతుంది. చివరి తూము ఏ ఊరిదైతే ఆ ఊరు మన మాన్వి అవుతుంది.

రెండోది ఇంకా దగ్గరి విషయం. కాలువ వచ్చే ముందు కొనేవాళ్ళు వస్తారు. నీళ్ళు కనబడక ముందే ధర కనబడుతుంది. మెట్ట రైతుకి తన ఎకరానికి ఎప్పుడూ వినని అంకె వినబడుతుంది. క్యాంపుల చరిత్రలో మనం గర్వపడే పాత్ర వెళ్ళినవాళ్ళది. రేపు మన ఊరికి రాసిపెట్టి ఉన్న పాత్ర మాత్రం అమ్మినవాళ్ళది కావచ్చు. అందుకే ఆ చరిత్రని ఇద్దరి వైపు నుంచీ చదవాలి. అమ్మొద్దని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆడపిల్ల పెళ్ళో, ఆసుపత్రి బిల్లో ఉన్నవాడికి నీతులు చెప్పలేం. కానీ చదునుకి సాయం, ఆరుతడి పంటకి గిట్టుబాటు ధర, డ్రిప్పు, చివరి తూము నుంచి ముందు నీళ్ళు ఇచ్చే పద్ధతి, మురుగు కాలువలు, ఇవి కాలువతో పాటే రావాలని అడగొచ్చు. అప్పుడు అమ్మాలా వద్దా అన్నది రైతు నిజంగా ఎంచుకునే విషయం అవుతుంది.

మనం చేయగలిగింది

క్యాంపులకి మొదట వెళ్ళిన తరంలో బతికి ఉన్నవాళ్ళు ఇప్పుడు చాలా తక్కువ. అమ్మిన తరం కూడా అంతే. వాళ్ళ కథ ఏ గెజిట్‌లోనూ లేదు. మన క్లబ్బులో రాయచూరు, గంగావతి, బోధన్ వైపు చుట్టాలున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. సెలవుల్లో వెళ్ళినప్పుడు ఫోన్‌లో రికార్డర్ పెట్టి, ముందు వాళ్ళ అనుమతి అడిగి, ఈ ప్రశ్నలు వేయండి:

ఏ ఊరి నుంచి, ఏ సంవత్సరం, ఎవరెవరు కలిసి వచ్చారు? ఇక్కడ అమ్మిన ఎకరం ఎంత, అక్కడ కొన్న ఎకరం ఎంత? ఎవరి దగ్గర కొన్నారు, ఆ కుటుంబం ఇప్పుడు ఏం చేస్తోంది? మొదటి పంట ఏమిటి, ఎన్ని బస్తాలు? నాట్లు వేసింది ఎవరు, కూలి ఎంత? నీళ్ళ దగ్గర మొదటి గొడవ ఎవరితో? మొదట నేర్చుకున్న కన్నడ మాట ఏమిటి?

వీలైతే అదే ప్రయాణంలో పక్కనున్న పాత కన్నడ ఊరికి వెళ్ళి, అదే వయసు పెద్దాయన్ని, "మీరు ఎందుకు అమ్మారు?" అని అడగండి. భాష రాకపోతే క్యాంపులో మీ వయసు పిల్లల్ని తోడు తీసుకెళ్ళండి, వాళ్ళకి రెండు భాషలూ వచ్చు. రెండు రికార్డింగులూ మన పత్రికకి పంపండి. పక్కపక్కనే అచ్చువేద్దాం.